గండడు వెనకడుగు వేయడు

ఒక పెద్ద అడవిలో సినిమాలు తీసేవాళ్ళు. అడవిలో సినిమాలేమిటని అడిగేవాళ్ళు ఊళ్ళో సినిమాలేమిటని ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

కొండ పక్కన ఒక గుహ ఉండేది. పట్టపగలు కూడా అందులో చీకటే. అదే వాళ్ళ సినిమా హాలు. పైకప్పుకి వేలాడే గబ్బిలాలు అక్కడ శాశ్వత ప్రేక్షకులు. మిగతా జంతువులు నేల మీద కూర్చునేవి. హాల్లో ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ వేటాడకూడదన్నది సింహం పెట్టిన నియమం. వేసవిలో నల్లమడుగు దగ్గర నీళ్ళు తాగేటప్పుడూ అదే నియమం. మిగతా చోట్ల ఎవరి బతుకు వాళ్ళది.

ఆ అడవిలో నకులయ్య అనే ముంగిస ఉండేవాడు. సన్నగా, చిన్నగా ఉండేవాడు గానీ కథ చెబితే ఏనుగులు కూడా చెవులు ఊపడం మానేసి వినేవి. వేసవిలో మడుగు ఒడ్డున కూర్చుని ఆయన చెప్పే కథల్లో గండడి కథంటే అందరికీ ప్రాణం.

గండడు ఒక చిరుతపులి. కరువొచ్చిన ఏడాది, అడవిలో మిగిలిన ఒకే ఒక్క నీటిగుంటని ఆక్రమించుకుని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఎదురొచ్చిన అడవిదున్నతో పోట్లాడి, పక్కలో కొమ్ముపోటు తిని, అయినా గుంట వదల్లేదు. ఒక లేడి వచ్చి, "ఇన్ని నీళ్ళూ నీ ఒక్కడి పొట్టలో పడతాయా నాయనా?" అని అడిగితే గుర్రుమన్నాడు. తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం ఆ లేడి కూన ఒంటరిగా వచ్చింది. గండణ్ణి చూసి పారిపోలేదు. పారిపోయే ఓపిక దానికి లేదు. నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది. గండడు దాన్ని చాలాసేపు చూశాడు. చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ఇంకో అడుగు వేశాడు. కూన వచ్చి తాగింది. ఆ సాయంత్రమే గండడు కొండ అవతల ఊట వెతకడానికి బయల్దేరాడు. దొరికాక తిరిగొచ్చి అందర్నీ అక్కడికి తీసుకెళ్ళాడు.

కథ మొదట్లో గండణ్ణి తిట్టని ప్రాణి ఉండేది కాదు. చెంగమ్మ అనే ముసలి కుందేలు కాలితో నేలని కొట్టి మరీ తిట్టేది. ఆ వెనకడుగు దగ్గరికి వచ్చేసరికి ఆవిడే కళ్ళు తుడుచుకునేది.

ఒక వేసవిలో భల్లూకరావు అనే ఎలుగుబంటి ఆ కథ విన్నాడు. ఆయనది తేనె వ్యాపారం. తేనెలో వచ్చింది సినిమాల్లో పోగొట్టుకోవడం ఆయనకి అలవాటు. కథ అయ్యాక ముక్కు చీదుకుంటూ నకులయ్య దగ్గరికి వచ్చాడు.

"నకులయ్యా, ఈ కథ నేను తీస్తాను. నువ్వే దర్శకుడివి. ఇందులో ఒక్క అక్షరం మార్చొద్దు."

నకులయ్యకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తున్న మాట అది. ఒక్క అక్షరం మార్చొద్దన్న నిర్మాత అన్ని అక్షరాలూ మార్చేదాకా నిద్రపోడని ఆయనకి అప్పటికి తెలియదు.

గండడి వేషానికి మచ్చేంద్రుడనే చిరుతని అడిగారు. అడవిలో అతనికి మించిన హీరో లేడు. నిగనిగలాడే మచ్చలు, సన్నటి నడుము, గుహ అదిరిపోయే గొంతు. తెర మీద ఎంత భీకరంగా ఉండేవాడో బయట అంత నెమ్మదస్తుడు. మడుగు దగ్గర లేడికూనలు అతని తోక పట్టుకుని ఆడుకుంటుంటే కదలకుండా కూర్చునేవాడు. కాకపోతే ఈ మధ్య అతని సినిమాలు వరసగా పోయాయి. దాంతో లోపల దిగులు పట్టుకుంది.

కథ విన్నాక మచ్చేంద్రుడు నకులయ్య దగ్గరికి జరిగాడు.

"ఆ వెనకడుగు నేను బాగా వేస్తాను నకులయ్యగారూ," అన్నాడు. "ఇంతవరకూ నాకెవరూ అలాంటి సీను రాయలేదు."

ఇంటికి వెళ్ళి భార్య ముందు ఆ అడుగు వేసి చూపించాడు. "ఇంకొంచెం నెమ్మదిగా," అంది ఆవిడ. మళ్ళీ వేశాడు. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. బాగా వచ్చిందని మచ్చేంద్రుడికి అర్థమైంది.

అంతా సవ్యంగానే ఉంది, జంబులింగం రానంతవరకూ.

జంబులింగం ఒక నక్క. మచ్చేంద్రుడి అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఆ సంఘంలో ఎందరున్నారో ఎవరికీ తెలియదు గానీ, అందరి తరఫునా ఆయనే మాట్లాడేవాడు. కథాచర్చలు జరుగుతుంటే పిలవకుండానే వచ్చి, మచ్చేంద్రుడి పక్కన కూర్చున్నాడు.

"అన్న వెనకడుగు వేస్తాడని బయట అనుకుంటున్నారు," అన్నాడు. "అబద్ధమని చెప్పేసి వచ్చాను."

"అబద్ధం కాదు. కథకి ప్రాణమే అది," అన్నాడు నకులయ్య.

"ప్రాణం ఎక్కడైనా పెట్టుకోండి. అన్న కాళ్ళ కింద పెట్టకండి. ఒక లేడికూన ముందు చిరుత వెనక్కి తగ్గితే రేపు మా కుర్రాళ్ళు తలెత్తుకుని తిరగ్గలరా?"

మచ్చేంద్రుడు ఇబ్బందిగా కదిలాడు. "నాకైతే బాగానే ఉంది లింగం. మనవాళ్ళు ఏమంటారోనని..."

"మనవాళ్ళు అనేదే నేను అంటున్నానన్నా."

నకులయ్య నచ్చజెప్పబోయాడు. "చూడు లింగం. గండడు చెడ్డవాడు. చేయకూడని పని చేస్తున్నాడు. అందుకని అతన్ని చూసి జనం మండిపడతారు. తర్వాత అతనే సిగ్గుపడతాడు. అప్పుడు దగ్గరికి తీసుకుంటారు."

"అన్న చెడ్డవాడి వేషం వేయడమేమిటి? గండడు మంచివాడు."

"నీళ్ళు ఎవరికీ ఇవ్వనివాడు మంచివాడు ఎలా అవుతాడు?"

"అన్న చేస్తే అదే మంచి."

భల్లూకరావు తల పంకించాడు. "అదీ ఒక పాయింటే," అన్నాడు. ఆయనకి ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాట నచ్చేది.

"సరే, మంచివాడే కావాలంటే గుంట ఆక్రమించుకోవడం తీసేద్దాం," అన్నాడు నకులయ్య విసుగ్గా.

"అయ్యయ్యో, అది ఉండాలి. హీరోయిజమంతా అందులోనే ఉంది. గుంటా ఉండాలి, గుర్రుమనడమూ ఉండాలి. సిగ్గుపడటం ఒక్కటే వద్దు."

ఆ రోజు చర్చ అక్కడ ఆగింది. నకులయ్య ఇంటికి వెళ్ళి ఆలోచించాడు. ఒక్క సీనే కదా, తీసేటప్పుడు ఎలాగో సర్దుకోవచ్చులే అనుకున్నాడు. ఇన్నాళ్ళకి వచ్చిన అవకాశం చేజారిపోతుందేమోనన్న భయం ఆయన చేత ఆ మాట అనిపించింది.

మర్నాడు జంబులింగం కొమ్ముపోటు మీద పడ్డాడు. హీరో ఒంటి మీద గాయమేమిటన్నాడు. హీరో ఒకే ఒక్క పంజా దెబ్బతో దున్నని చంపేయాలన్నాడు.

"దున్న ఏం తప్పు చేసిందని చంపాలి?" అని అడిగాడు నకులయ్య.

"అన్నకి ఎదురొచ్చింది కదా. అంతకన్నా ఏం చేయాలి?"

ఆ తర్వాతి రోజు లేడి మీద పడ్డాడు. 'ఇన్ని నీళ్ళూ నీ ఒక్కడి పొట్టలో పడతాయా' అన్న మాట హీరోని అవమానించేలా ఉందన్నాడు. ఆ లేడి వేషం కురంగి అనే పెద్దావిడకి ఇచ్చారు. ఆవిడ ఈ మాట కోసమే వేషం ఒప్పుకుంది. ఆ మాట తీసేసి, "మీరు తాగగా మిగిలితే ఆ తడి నాకడం మా పూర్వజన్మ సుకృతం దొరా" అని రాయించారు. కాగితం చూసి కురంగి, "ఇది లేడి అనే మాటేనా నాయనా?" అని నకులయ్యని అడిగింది. నకులయ్య ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

కూన సీనుకి జంబులింగమే స్వయంగా మార్పు చెప్పాడు. కూన వస్తుంది. హీరో గర్జిస్తాడు. కూన ఆ తేజస్సుకి స్పృహ తప్పుతుంది. హీరో దాని మీదుగా నడిచి వెళ్ళి నీళ్ళు తాగుతాడు. వెనక పాట వస్తుంది.

"మరి చివర్లో అందర్నీ ఊట దగ్గరికి ఎందుకు తీసుకెళ్తాడు?" అని అడిగాడు నకులయ్య. అడుగుతున్నప్పుడు ఆయన గొంతులో పట్టుదల లేదు, ఓపిక మాత్రమే ఉంది.

"తీసుకెళ్ళడు. అందరూ వచ్చి దండలు వేస్తారు. సినిమా అయిపోతుంది."

"దండలు దేనికి?"

"సినిమా అయిపోయినందుకు," అన్నాడు భల్లూకరావు. అంత తెలివైన మాట ఆయన ఆ సినిమా మొత్తంలో ఇంకోటి అనలేదు.

ఎవరూ మార్చనిది అడవిదున్న మాట ఒక్కటే. ఆ వేషం మహిషప్ప అనే పాత నటుడు వేశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దుష్టపాత్రలే వేస్తున్నాడు గానీ, బయట తూనీగ వాలితే కూడా ఉలిక్కిపడే రకం. చచ్చిపోయే ముందు అతనికి ఒక మాట ఉంది: "ఈ నీళ్ళు నీవి కావు, నావీ కావు. దాహం వేసినవాళ్ళవి." జంబులింగం దాన్ని వదిలేశాడు. విలన్ గట్టిగా మాట్లాడితేనే హీరో దెబ్బకి విలువ ఉంటుందని ఆయన లెక్క.

షూటింగు మొదలైంది. వెనకడుగు సీను తీసే రోజు మచ్చేంద్రుడు నకులయ్యని పక్కకి పిలిచాడు.

"అసలు సీను కూడా ఒకసారి తీసి పెట్టుకుందామా? ఎవరికీ చెప్పకుండా?"

నకులయ్య కళ్ళు మెరిశాయి. అంతలో జంబులింగం అరటాకుతో మచ్చేంద్రుడికి విసురుతూ వచ్చి నిలబడ్డాడు. "ఏంటన్నా, ఏదో రహస్యం?"

"ఏం లేదు లింగం," అన్నాడు మచ్చేంద్రుడు. "ఎండ ఎక్కువగా ఉందంటున్నాను."

కూన స్పృహ తప్పింది. మచ్చేంద్రుడు దాని మీదుగా నడిచి వెళ్ళి నీళ్ళు తాగాడు. అంతా చప్పట్లు కొట్టారు. మచ్చేంద్రుడు కూడా ఆ చప్పట్లు వినీ వినీ, బాగానే ఉందేమో అనుకోవడం మొదలుపెట్టాడు.

విడుదల రోజు గుహ ముందు మచ్చేంద్రుడి బొమ్మ పెట్టి తేనెతో అభిషేకం చేశారు. చీమలు ఎగబడి, బొమ్మ మచ్చలేవో చీమలేవో తెలియకుండా పోయింది. లోపల ఇసకేస్తే రాలనంత జనం. నకులయ్య ఒక మూల కూర్చున్నాడు. అంతా గండడి కథే చూడబోతున్నామన్న సంబరంలో ఉన్నారు. చెంగమ్మ మనవల్ని వెంటబెట్టుకుని వచ్చి, "మొదట్లో వాడు దుర్మార్గుడురా. చివర చూడండి," అని ముందే చెప్పిపెట్టింది.

మచ్చేంద్రుడు తెర మీదికి రాగానే ఈలలు మోగాయి. గుంట ఆక్రమించుకున్నాడు. జనం తిట్టడం మొదలుపెట్టారు. కథ బాగానే నడుస్తోందని నకులయ్యకి ఒక్క క్షణం ఆశ కలిగింది. ఆశ్చర్యం ఏమిటంటే తెర మీద ఎవరూ తిట్టడం లేదు. గండడు కోతిని చెట్టు మీద నుంచి పడదోస్తే పక్కనున్న కోతులు నవ్వాయి. ముసలి తాబేలుని వెల్లకిలా తిప్పి వెళ్ళిపోతే, తాబేలు కాళ్ళు కొట్టుకుంటూ దణ్ణం పెట్టింది.

"ఆ తాబేలుకేమైనా పిచ్చా?" అని ఎవరో అడిగారు.

లేడి వచ్చి తడి నాకుతానంది. హాల్లో ఉన్న లేళ్ళన్నీ ఒక్కసారిగా కురంగి వైపు తిరిగాయి. ఆవిడ తల వంచుకుని కూర్చుంది.

కూన వచ్చింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. చెంగమ్మ మనవల్ని దగ్గరికి లాక్కుని, "ఇదుగో, ఇప్పుడు చూడండి," అంది.

గండడు గర్జించాడు. కూన పడిపోయింది. గండడు దాని మీదుగా నడిచి వెళ్ళి నీళ్ళు తాగాడు. పాట వచ్చింది.

ఎవరూ ఈల వేయలేదు. ఏడుపు కూడా వినిపించలేదు. చెంగమ్మ తెర వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. "అమ్మమ్మా, చివర అన్నావుగా, చివర ఎప్పుడొస్తుంది?" అని చిన్న మనవరాలు అడిగింది. ఒక ముళ్ళపంది తల్లి పిల్లల్ని లేపి బయటికి తీసుకుపోయింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ భల్లూకరావు, "కూర్చోండమ్మా, సెకండాఫ్‌లో పుంజుకుంటుంది," అన్నాడు.

సెకండాఫ్‌లో పుంజుకుంది. మహిషప్ప పుంజుకున్నాడు. "ఈ నీళ్ళు నీవి కావు, నావీ కావు" అనగానే గుహ కప్పు ఎగిరిపోయేలా ఈలలు పడ్డాయి. వెంటనే గండడు ఒక్క దెబ్బతో అతన్ని చంపేశాడు. జనం మధ్యలో కూర్చుని తన సినిమా తాను చూస్తున్న మహిషప్పని పక్కవాళ్ళు తడిమి చూసి, బతికే ఉన్నాడని స్థిమితపడ్డారు.

చివర్లో తెర మీద జంతువులన్నీ క్యూ కట్టి గండడికి దండలు వేశాయి.

"వీడికి దండలు దేనికి?" అంది చెంగమ్మ గట్టిగా. దీపం వెలగకముందే జనం లేచి వెళ్ళిపోయారు.

సినిమా నచ్చింది గబ్బిలాలకి మాత్రమే. అవి తలకిందులుగా చూశాయి కాబట్టి, ఆసాంతం హీరో కింద పడి ఉన్నట్టూ లేడికూన పైన ఉన్నట్టూ కనిపించింది.

మర్నాడు మచ్చేంద్రుడు మడుగుకి వెళ్ళాడు. అతను రావడం చూసి లేళ్ళు మెల్లిగా జరిగాయి. అతను మామూలు చోట కూర్చుని తోక పక్కకి చాపి పెట్టాడు. ఒక్క కూన కూడా రాలేదు. రోజూ ఆడుకునే కూన తల్లి కడుపు కింద దూరి అక్కణ్ణుంచి చూస్తోంది.

"అది సినిమా అమ్మా," అన్నాడు మచ్చేంద్రుడు తల్లితో.

"తెలుసు నాయనా. నువ్వు అలాంటివాడివి కావని మాకు తెలియదా? కానీ కాళ్ళు ఆగడం లేదు," అని ఆవిడ పిల్లతో సహా వెళ్ళిపోయింది.

ఆ వారమంతా అదే తంతు. చిరుతలు వచ్చే వేళకి గడ్డి మేసేవాళ్ళు మడుగు దగ్గర ఉండటం లేదు. కొందరు కొండ ఎక్కి దిగి, దూరంగా ఉన్న వాగుకి పోవడం మొదలుపెట్టారు. దారిలో నియమం వర్తించదు. ఒక ముసలి దుప్పి అలా వెళ్ళి తిరిగి రాలేదు. ఎన్నో కరువుల్లో నిలబడ్డ మడుగు ఒప్పందం ఒక సినిమాకి బీటలు వారుతోందని సింహానికి కబురు వెళ్ళింది.

అదే వారం జంబులింగం విజయోత్సవ సభ పెట్టాడు. సినిమా పోయినప్పుడు విజయోత్సవం త్వరగా పెట్టడం అక్కడి ఆచారం. ఆలస్యమైతే వచ్చేవాళ్ళు ఉండరు. వేదిక మీద పెద్ద తేనెపట్టు పెట్టి, హీరో చేత కోయించారు. మాట్లాడమని అడిగారు.

మచ్చేంద్రుడు లేచాడు. దుప్పి సంగతి పొద్దున్నే అతని చెవిన పడింది.

"సినిమా నేనూ చూశాను," అన్నాడు. "గండడు నాక్కూడా నచ్చలేదు. వాణ్ణి చూస్తుంటే, వీణ్ణి ఎవరైనా ఒక్క మాట అంటే బాగుండునని అనిపించింది. ఎవరూ అనకుండా చేసింది నేనే. నకులయ్యగారు రాసింది ఇది కాదు. నాకు భయమేసి మార్చనిచ్చాను. నన్ను క్షమించండి."

జంబులింగం మైకు లాక్కున్నాడు.

"చూశారా మా అన్న వినయం. ఇంత పెద్ద హిట్టు కొట్టి కూడా క్షమించమంటున్నాడు. అందుకే ఆయన దేవుడు."

ముందు వరసలో చప్పట్లు మోగాయి. మచ్చేంద్రుడు వేదిక దిగి వెళ్ళిపోయాడు.

సింహం విచారణ సంఘం వేసింది. సినిమా సంగతులు తెలిసినవాళ్ళే విచారించాలి కాబట్టి, భల్లూకరావునీ జంబులింగాన్నీ అందులో సభ్యులుగా వేసింది. నకులయ్యని సాక్షిగా పిలిచారు.

"మచ్చేంద్రుడు ఒప్పుకుంటున్నాడు. అసలు సీను తీసి కలుపుదాం. గండడు ఒక్కసారి సిగ్గుపడితే చాలు, జనం అతన్నీ క్షమిస్తారు, మననీ క్షమిస్తారు," అన్నాడు నకులయ్య. ఈసారి ఆయన ఓపికగా అడగలేదు, పట్టుబట్టి అడిగాడు. "అసలు పొరపాటు నాది. ఒక్కటే కదా అనుకుంటూ అన్నీ వదిలేశాను."

"హీరోలో లోపం లేదు," అన్నాడు జంబులింగం. "మహిషప్ప అవసరానికి మించి బాగా చేశాడు. అది కుట్ర. గుహలో చెమ్మ ఎక్కువ. కుందేళ్ళు అమాయకులు, లేళ్ళు పిరికివాళ్ళు. ఇలాంటి ప్రేక్షకులకి ఇలాంటి గొప్ప సినిమా చూపించడమే మనం చేసిన తప్పు."

"అదీ ఒక పాయింటే," అన్నాడు భల్లూకరావు.

సంఘం నివేదిక ఇచ్చింది. సినిమాలో మార్పులు అక్కర్లేదు, ప్రేక్షకుల్లో మార్పు రావాలి, అని. నకులయ్య ఆ మాట విని, తువ్వాలు దులుపుకుని బయటికి వచ్చేశాడు.

మచ్చేంద్రుడు మాత్రం మడుగుకి వెళ్ళడం మానలేదు. అయితే ఒడ్డుకి రావడం మానేశాడు. దూరంగా బండ పక్కన, ఎండలో కూర్చునేవాడు. లేళ్ళు వచ్చి తాగి వెళ్ళేదాకా లేచేవాడు కాదు. నాలుక పిడచకట్టుకుపోయినా కదిలేవాడు కాదు. దాన్ని తీసే కెమెరా లేదు, కొట్టేందుకు చప్పట్లూ లేవు. మొదట్లో లేళ్ళు తల ఎత్తి ఎత్తి చూస్తూ తాగేవి. వానలు దగ్గరపడేనాటికి వాగుకి పోయినవాళ్ళు ఒక్కొక్కరే మడుగుకి తిరిగొచ్చారు. ఒక రోజు కురంగి నీళ్ళు తాగి, వెళ్తూ వెళ్తూ అతని బండ దగ్గర ఆగింది.

"ఎండలో ఎందుకు నాయనా, నీడకి జరగరాదూ," అంది.

మచ్చేంద్రుడు నీడకి జరిగాడు. ఆ తర్వాత అతను సినిమాల్లో వేషాలు వేయలేదు.

జంబులింగం నివేదికని ఊరికే వదల్లేదు. కొత్త ప్రేక్షకుల కోసం వెతికి వెతికి, నది మలుపులో ఉన్న మొసళ్ళని కనిపెట్టాడు. ఒడ్డున తెర కట్టించి, అవి నీళ్ళలోంచే చూసేలా సినిమా వేయించాడు. మొదటి సీనుకే మొసళ్ళు ఏడ్చాయి. తాబేలుకి ఏడ్చాయి, కూనకి ఏడ్చాయి, హీరో దండలకి వెక్కి వెక్కి ఏడ్చాయి. పేర్లు పడుతుంటే కూడా ఏడ్చాయి. భల్లూకరావు పరవశించిపోయాడు. ఇంత మనసున్న ప్రేక్షకులు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నారని ఆశ్చర్యపోయాడు.

సినిమా అక్కడ ఆడుతూనే ఉంది. చివరికి మొసళ్ళు సన్మానం చేస్తామని కబురు పెట్టాయి.

భల్లూకరావు తేనె పని ఉందని ఆగిపోయాడు. జంబులింగం కొత్త కండువా వేసుకుని వెళ్ళాడు. ముసలి మొసలి ఒకటి నీళ్ళలోంచి తల ఎత్తి, కన్నీళ్ళు కారుస్తూ, "శాలువా కప్పాలయ్యా, ఇంకొంచెం దగ్గరికి రా," అంది. జంబులింగం వంగి ముందుకి జరిగాడు. "ఇంకొంచెం," అంది మొసలి. అభిమానులు అడిగితే కాదనడం ఆయనకి తెలియదు. ఇంకొంచెం జరిగాడు. అప్పుడు ఎడమ పక్కన ఇంకో మొసలి నోరు తెరిచి ఉండటం కనిపించింది. వెనక్కి ఒక్క గెంతు గెంతాడు. ఒళ్ళు దక్కింది, తోక దక్కలేదు. మొసళ్ళు ఆ తోకని నములుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాయట.

జంబులింగం తోక లేకుండా అడవికి తిరిగొచ్చాడు. ఏమైందని అడిగినవాళ్ళందరికీ, "అభిమానులు గుర్తుగా ఉంచేసుకున్నారు," అని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే దండ పట్టుకుని మహిషప్ప ఇంటికి వెళ్ళాడు.

నీతి: హీరో జనానికి నచ్చకపోతే హీరోని మార్చనక్కర్లేదు, జనాన్ని మార్చుకుంటే చాలు, సన్మానానికి మాత్రం వేరే ఎవరినైనా పంపాలి.